పుస్తకంలో ఎవరి పిల్లలున్నారు?

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల బొమ్మల పుస్తకాలు కొన్ని తీసి ముందు పెట్టుకోండి. కథలు చదవనక్కర్లేదు, బొమ్మలు తిరగేస్తే చాలు. ఎవరి పిల్లలు కనిపిస్తున్నారు? వాళ్లు ఎలాంటి ఇళ్లలో ఉంటున్నారు, ఏం తింటున్నారు, ఏ పండగ చేసుకుంటున్నారు? ఎవరి పిల్లలు అసలు కనిపించడం లేదు? కనిపించినవాళ్లలో కథ నడిపేదెవరు, పక్కన నిలబడి చూసేదెవరు? ఈ ప్రశ్నల గురించే ఈ రోజు నా ప్రసంగం.

ఈ ప్రశ్నలను అందరికంటే పట్టుదలగా అడిగినవాళ్లు అమెరికాలోని నల్లజాతి తల్లిదండ్రులు, రచయితలు, లైబ్రేరియన్లు. నూరేళ్లకు పైబడిన పోరాటం అది. పిల్లల పుస్తకం గురించి వాళ్లు నేర్చుకున్న పాఠాలు మనకు చాలా అవసరం. అందుకని ముందు వాళ్ల కథ చెప్పి, ఆ తర్వాత మన తెలుగు పుస్తకాల దగ్గరికి వస్తాను.

ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టానికి మూలం మన దక్షిణాదిలోనే ఉంది. హెలెన్ బానర్‌మన్ అనే స్కాట్లండు ఆవిడ, భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు కావడంతో, చాలా ఏళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1898లో కొడైకెనాల్ నుంచి మద్రాసుకు రైల్లో వస్తూ తన కూతుళ్ల కోసం ఒక కథ అల్లింది. అడవిలో నడిచిపోతున్న ఒక పిల్లవాడి కొత్త బట్టలను, చెప్పులను, గొడుగును పులులు ఒక్కొక్కటిగా లాక్కుంటాయి. తర్వాత ఆ పులులు తమలో తాము పోట్లాడుకుని, ఒకదాని తోక ఒకటి పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి తిరిగి కరిగి నెయ్యి అయిపోతాయి. ఆ నెయ్యితో వాళ్లమ్మ అట్లు పోస్తుంది. 1899లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘లిటిల్ బ్లాక్ సాంబో’.

పులులున్నాయి, బజారు ఉంది, నెయ్యి ఉంది. అంతా మన దేశమే. కానీ పిల్లవాడి పేరు, బొమ్మ మాత్రం అమెరికాలో నల్లవాళ్లను ఎగతాళి చేయడానికి వాడేవి. పెద్ద పెదవులు, గుండ్రటి గుడ్లు, జడుపు పుట్టించే నలుపు. పుస్తకం అమెరికా చేరాక అక్కడి చిత్రకారులు ఆ వెక్కిరింతను ఇంకా పెంచి గీశారు. కథ సరదాగానే ఉంది, పిల్లవాడు తెలివైనవాడే, చివరికి గెలిచింది కూడా వాడే. అయినా తెల్లపిల్లలు బడిలో నల్లపిల్లలను ఆ పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. 1930లలోనే లాంగ్‌స్టన్ హ్యూస్ లాంటి కవులు దీని మీద అభ్యంతరం చెప్పారు. ఒక పిల్లవాడికి సరదాగా ఉన్న పుస్తకం పక్కనే కూర్చున్న ఇంకో పిల్లవాడికి అవమానం కాగలదని వాళ్లు చెప్పారు. ఆ మాట లోకానికి ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. 1996లో ఈ కథకే రెండు కొత్త పుస్తకాలు వచ్చాయి. ఒకదాంట్లో ఫ్రెడ్ మార్సెల్లినో పిల్లవాడిని భారతీయుడిగా గీశాడు. రెండోది నల్లజాతి రచయిత జూలియస్ లెస్టర్ తిరగరాసి, జెర్రీ పింక్నీ బొమ్మలు వేసింది. కథ బతికింది, వెక్కిరింత పోయింది. పాత పుస్తకాలను ఏం చేయాలని అడిగేవాళ్లకు ఇది మంచి జవాబు.

అవమానించే పుస్తకాలను వేలెత్తి చూపడంతోనే నల్లజాతి రచయితలు ఆగలేదు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1920 జనవరిలో నల్లజాతి పిల్లల కోసం ‘ది బ్రౌనీస్ బుక్’ అనే మాసపత్రిక పెట్టాడు. జెస్సీ ఫాసెట్ దాని సంపాదక బాధ్యత మోసింది. ఆ పత్రిక రెండేళ్లే నడిచింది, 1921 డిసెంబరుతో ఆగిపోయింది. ఆ రెండేళ్లలోనే ఇంకా ఇరవై నిండని లాంగ్‌స్టన్ హ్యూస్ కవితలను అచ్చువేసింది. తర్వాత ఎంత పెద్ద కవి అయ్యాడో మీకు తెలుసు. పిల్లల కోసం ఒక చోటు ఏర్పాటు చేస్తే అక్కడికి రాసేవాళ్లూ వస్తారని ఆ చిన్న పత్రిక చూపించింది.

ఇక 1962కు వద్దాం. ఎజ్రా జాక్ కీట్స్ అని బ్రూక్లిన్‌లో పుట్టిన చిత్రకారుడు. పోలండు నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబం వాళ్లది. 1940లో ‘లైఫ్’ పత్రికలో వచ్చిన ఒక నల్లపిల్లవాడి ఫొటోలు ఆయనకు నచ్చి కత్తిరించి దాచుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ముక్కలు ఆయన దగ్గరే ఉన్నాయి. తాను బొమ్మలు వేసే పుస్తకాల్లో నల్లపిల్లవాడు కథానాయకుడిగా ఒక్కసారీ రాకపోవడం ఆయనకు గుచ్చుకుంది. చివరికి తానే రాసి, బొమ్మలు వేసి ‘ది స్నోయీ డే’ తెచ్చాడు. పీటర్ అనే చిన్న నల్లపిల్లవాడు మంచు కురిసిన పొద్దున ఎర్ర కోటు వేసుకుని ఆడుకోవడానికి బయటికెళ్తాడు. అంతే కథ. మరుసటి ఏడాది దానికి బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. 2020లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన 125 ఏళ్ల లెక్కలు తీసి చూస్తే, పాఠకులు అందరికంటే ఎక్కువసార్లు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం ఇదే. 4,85,583 సార్లు.

ఆ పుస్తకం వచ్చాక ఒక టీచరు కీట్స్‌కు ఉత్తరం రాసింది. తన తరగతిలోని నల్లపిల్లలు తమ బొమ్మ తాము గీసుకునేటప్పుడు మొట్టమొదటిసారి గోధుమరంగు క్రేయాన్ తీసుకుంటున్నారట. అంటే అంతకుముందు దాకా ఆ పిల్లలు తమను తాము ఇంకో రంగులో గీసుకున్నారు. ఎవరూ వాళ్లను అలా గీయమని చెప్పలేదు. చూసిన పుస్తకాలన్నీ కలిసి చెప్పాయి. పిల్లలు ప్రశ్నించకుండా నేర్చేసుకునే పాఠాలు ఇలాంటివే.

1965 సెప్టెంబరులో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త ‘సాటర్డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. న్యూయార్క్‌లో ఒక బాలవాడిలో అయిదేళ్ల నల్లపిల్ల బొమ్మల పుస్తకం చూస్తూ, ఇందులో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగిన సంగతితో ఆ వ్యాసం మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ లారిక్ 63 మంది ప్రచురణకర్తల నుంచి లెక్కలు తెప్పించింది. 1962, 63, 64 సంవత్సరాల్లో వాళ్లు వేసిన పిల్లల పుస్తకాలు 5,206. కనీసం ఒక్క నల్లమనిషైనా కనిపించేవి 349. నూటికి ఏడు కూడా లేవు. వాటిలోనూ సగానికి పైగా పరాయి దేశాల్లోనో, పాతకాలంలోనో జరిగే కథలు. సమకాలీన అమెరికాలో బతుకుతున్న నల్లజాతి వాళ్ల గురించి చెప్పేవి కేవలం 44.

లారిక్ ఇంకో గట్టి మాట అంది. దీనివల్ల నల్లపిల్లలకు జరిగే నష్టం అందరికీ తెలుస్తూనే ఉంది, తెల్లపిల్లలకు జరిగే నష్టం అంతకంటే తక్కువేమీ కాదు అని ఆమె వాదన. లోకమంతా తనలాంటి వాళ్లదే అని చదువుకుంటూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక అందరితో సమానంగా కలిసి బతకడం ఎక్కడ నేర్చుకుంటాడు? ఈ చర్చ వచ్చినప్పుడల్లా ‘పాపం, వెనకబడినవాళ్ల పిల్లల కోసం ఏదైనా చేద్దాం’ అన్నట్టు మాట్లాడతాం. అసలు సంగతి అది కాదు. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా ఇది చదువులో లోటే.

లారిక్ ‘ది స్నోయీ డే’ని కూడా వదల్లేదు. అందులో పీటర్ తల్లి బొమ్మను భారీగా, కొట్టొచ్చే రంగుల గళ్ల గౌనులో గీసిన తీరును విమర్శించింది. తెల్లవాళ్లిళ్లలో పనిచేసే నల్ల ఆయాల పాత బొమ్మలు ఆమెకు అందులో కనిపించాయి. అంత మంచి పుస్తకం మీద ఈ విమర్శ న్యాయమా అని మీకు అనిపించవచ్చు. న్యాయమే అని నా అభిప్రాయం. ప్రేమించే పుస్తకాన్నే ఎక్కువ శ్రద్ధగా చూడాలి. పుస్తకంలో మన పిల్ల కనిపించిందన్న సంతోషంలో, ఎలా కనిపించిందో అడగడం మరచిపోకూడదు.

ఆ ‘ఎలా’ అన్న ప్రశ్నకు అందరికంటే స్పష్టంగా జవాబిచ్చినావిడ రూడీన్ సిమ్స్ బిషప్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసరు. 1965 నుంచి 1979 దాకా నల్లజాతి వాళ్ల గురించి వచ్చిన 150 పిల్లల పుస్తకాలను చదివి 1982లో తన పరిశీలన ప్రచురించింది. ఆ పుస్తకాలు మూడు రకాలంది.

మొదటి రకం పుస్తకాలు తెల్లపిల్లల మనసు కరిగించడానికి రాసినవి. వాటిలో నల్లపిల్లవాడు ఒక సమస్యగా వస్తాడు. తెల్లపిల్లల బడిలో చేరతాడు, వాళ్లు ముందు అసహ్యించుకుంటారు, ఏదో ఒక సంఘటన జరిగాక దయతో దగ్గరికి తీస్తారు. కథలో మారేది తెల్లపిల్లలు, ఎదిగేదీ వాళ్లే. నల్లపిల్లవాడి పని వాళ్లకు పాఠం చెప్పడం. రెండో రకం పుస్తకాల్లో పిల్లలందరూ ఒకటే. నల్లపిల్లవాడని బొమ్మను బట్టి తెలియాల్సిందే. వాడి ఇంటి మాట, తిండి, పాట, అమ్మమ్మ చెప్పిన సంగతులు ఏవీ ఉండవు. ‘ది స్నోయీ డే’ లాంటివి ఈ కోవలోకే వస్తాయని నేననుకుంటాను. ఇవి చెడ్డ పుస్తకాలేమీ కావు. మంచులో ఆడుకునే సంతోషం అందరికీ ఒకటేనని చెప్పడం గొప్ప విషయమే. కానీ అక్కడితో ఆగిపోతే చాలదు.

మూడో రకం పుస్తకాల్లో పిల్లవాడు తన ఇంట్లో, తన వాళ్ల మధ్య, తన మాటలో బతుకుతాడు. జాన్ స్టెప్టో అనే బ్రూక్లిన్ కుర్రవాడు 1969లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకముందే, ‘స్టీవీ’ అనే పుస్తకం తెచ్చాడు. రాబర్ట్ అనే పిల్లవాడి ఇంట్లో స్టీవీ అనే చిన్నవాణ్ని వారమంతా ఉంచి చూసుకుంటుంటారు. వాడంటే రాబర్ట్‌కు చిరాకు. ఆ చిన్నవాడు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయిందని తెలుసుకుంటాడు. కథ మొత్తం ఆ వాడలో పిల్లలు మాట్లాడుకునే యాసలోనే ఉంటుంది. ఎవరికీ ఏ పాఠమూ చెప్పదు. మిల్‌డ్రెడ్ టేలర్ తన తండ్రి చెప్పిన మిసిసిపీ కుటుంబ కథలను నవలగా రాసి 1977లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం అందుకుంది. ఈ పుస్తకాల్లో నల్లజాతి పిల్లలు సమస్యా కాదు, అలంకారమూ కాదు. కథ వాళ్లది.

1990లో బిషప్ రాసిన ఇంకో వ్యాసంలోని పోలిక ఇప్పుడు ప్రపంచమంతా టీచర్లకు కంఠస్థం. పుస్తకం పిల్లలకు ఒక కిటికీ, అందులోంచి ఇతరుల లోకం కనిపిస్తుంది. అదే పుస్తకం వెలుతురు మారినప్పుడు అద్దం అవుతుంది, అందులో తమ లోకం కనిపిస్తుంది. ప్రతి పిల్లకూ రెండూ కావాలి. కొందరికి ఎప్పుడూ అద్దాలే దొరుకుతాయి, కొందరికి ఎప్పుడూ కిటికీలే. ఆ రెండూ నష్టమే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఎవరి కథ వాళ్లే రాసుకుంటే సరిపోతుందా? చాలావరకు సరిపోతుంది గానీ, అన్ని వేళలా కాదు. 2016 జనవరిలో అమెరికాలో ‘జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు కేకు’ అనే బొమ్మల పుస్తకం వచ్చింది. వాషింగ్టన్ ఇంట్లో బానిసగా ఉన్న వంటమనిషి హెర్క్యులీస్, అతని కూతురు కలిసి నవ్వుతూ దొరగారి కోసం కేకు చేస్తారు. ఆ పుస్తకానికి బొమ్మలు వేసినావిడ నల్లజాతి మనిషే, సంపాదకురాలూ నల్లజాతి మనిషే. అయినా బానిసత్వాన్ని ఇంత ముచ్చటగా చూపిస్తారా అని పాఠకులు నిలదీశారు. కొద్ది రోజుల్లోనే దాన్ని ప్రచురించిన స్కొలాస్టిక్ సంస్థ పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. నిజ చరిత్రలో హెర్క్యులీస్ 1797లో, సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజు నాడే, బానిసత్వం నుంచి పారిపోయాడు. పిల్లలకు చెప్పాల్సిన గొప్ప కథ అదీ. రాసేదెవరన్న ప్రశ్నతో పాటు నిజం చెబుతున్నారా అన్న ప్రశ్న కూడా ఎప్పుడూ అడగాలి.

అమెరికాలో జరిగిన ఇంకో పని లెక్కపెట్టడం. విస్కాన్సిన్ యూనివర్సిటీలోని పిల్లల పుస్తకాల కేంద్రం 1985 నుంచి ఏటా లెక్కలు తీస్తోంది. మొదటి ఏడాది వచ్చిన సుమారు 2,500 పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 2014లో, వాల్టర్ డీన్ మైయర్స్ అనే పెద్ద రచయిత ‘న్యూయార్క్ టైమ్స్’లో ఆ కేంద్రం లెక్కనే చూపిస్తూ బాధపడ్డాడు. 2013లో వచ్చిన 3,200 పుస్తకాల్లో నల్లజాతి వాళ్ల గురించినవి 93. ఆ వ్యాసం వచ్చిన కొన్ని నెలలకే ఆయన చనిపోయాడు. కానీ ఆ ఏడాదే రచయితలు, తల్లిదండ్రులు కలిసి పెద్ద ఉద్యమం లేవదీశారు, తర్వాతి ఏళ్లలో ఆ అంకెలు బాగా పెరిగాయి. ఇంగ్లండులో కూడా అలాంటి లెక్క మొదలైంది. 2017లో అక్కడ వచ్చిన 9,115 పిల్లల పుస్తకాల్లో మైనారిటీ జాతుల మనుషులు కనిపించేవి నూటికి నాలుగే అని తేలింది. అంకె బయటపెట్టాక దాన్ని కాదనడం ఎవరి తరమూ కాలేదు. అయితే గెలిచింది నిలబెట్టుకోవడం కూడా కష్టమే. 2021 తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాల బడి లైబ్రరీల నుంచి ఇలాంటి పుస్తకాలనే తీసేయించే ప్రయత్నాలు జోరందుకున్నాయి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లకు ఇవాళ బడి లైబ్రరీలో తనలాంటి రంగు, తనలాంటి పేరు ఉన్న అమ్మాయి కథ దొరికే అవకాశం ఉంది. మన పిల్లలకు దొరికిన ఆ చోటు నల్లజాతి తల్లులు, టీచర్లు, లైబ్రేరియన్లు దశాబ్దాల పాటు కొట్లాడి సంపాదించిన చోటు. ఆ రుణం మనం గుర్తుంచుకోవాలి. అక్కడ మన పిల్లలు పుస్తకంలో కనిపించాలని కోరుకునే మనం, ఇక్కడ తెలుగు పుస్తకాల్లో ఎవరి పిల్లలు కనిపించడం లేదో కూడా అడగాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసులు 59 లక్షల మంది. నూటికి ఏడుగురు. దళితులు నూటికి పదహారుగురు. ముస్లింలు తొమ్మిదిన్నర మంది. అందరూ తెలుగు నేల మీదే పుట్టినవాళ్లు. వీళ్ల పిల్లలు మన బాలసాహిత్యంలో ఏ మేరకు ఉన్నారు?

మన పిల్లల పత్రికల మీద నాకెంతో గౌరవం ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్యగా తెలుగువాళ్లకు ఆత్మీయులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు ఆ పత్రికను తీర్చిదిద్దారు. లక్షల మంది పిల్లలకు చదవడం అలవాటు చేసిన పత్రిక అది. అయినా ఆ కథల్లో ఎక్కువగా తిరిగేది రాజులు, మంత్రులు, జమీందార్లు, వర్తకులు, పండితులు. అడవి వస్తే అందులో రాక్షసులో మాంత్రికులో ఉంటారు. ఆ మాటకొస్తే మన జానపద కథల్లో, పాత సినిమాల్లో అడవి మనిషంటే ఈకలు పెట్టుకుని నరబలి ఇచ్చేవాడు, లేకపోతే సోది చెప్పే కోయదొర. ఉట్నూరులోనో భద్రాచలంలోనో చదువుకుంటున్న గోండు, కోయ పిల్లలు ఆ బొమ్మల్లో ఎవరిని చూసుకోవాలి?

బిషప్ చెప్పిన మూడు రకాలను మన పుస్తకాలకు పెట్టి చూడండి. మొదటి రకం మనకు బోలెడు. వాటిలో పేద కులం పిల్లవాడు ఆకలితోనో చిరిగిన చొక్కాతోనో వస్తాడు, మంచి ఇంటి పిల్లవాడు జాలిపడి తన పెన్సిలో టిఫినో ఇస్తాడు, టీచరు మెచ్చుకుంటుంది. కథ ఇచ్చినవాడిదే, పుచ్చుకున్నవాడికి ఒక్కోసారి పేరు కూడా ఉండదు. రెండో రకమూ ఉంది. పాఠ్యపుస్తకాల్లో రాము పక్కన ఒక రహీము, ఒక మేరీ చేతులు కలిపి నిలబడతారు. పేరు తప్ప వాళ్లిళ్ల నుంచి వాళ్లు తెచ్చుకున్నదేమీ ఆ బొమ్మలో ఉండదు. మూడో రకమే మనకు తక్కువ.

తక్కువే గానీ, అసలు లేవనకూడదు. ఖదీర్‌బాబు 1999లో తెచ్చిన ‘దర్గామిట్ట కతలు’ పెద్దల కోసం రాసినవే అయినా, కావలిలో ఒక ముస్లిం పిల్లవాడి ఇల్లు, అమ్మ, నాన్న, వీధి, బడి ఎలా ఉంటాయో నెల్లూరు మాటలో మన ముందు పెట్టాయి. అంతకుముందు తెలుగు పుస్తకంలో అంత దగ్గరగా ఆ ఇంటి గుమ్మం దాటినవాళ్లు తక్కువ. ఆ తర్వాత హైదరాబాదులోని అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాల వరస ఒకటి 2008లో తెచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో వచ్చిన ఆ వరసకు గోగు శ్యామల, ఎం.ఎం. వినోదిని, ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటివాళ్లు కథలిచ్చారు. ఒక కథ ముస్లింల ఇంట్లో తలకాయ కూర వండుకునే రోజు గురించి. ఇంకో కథలో బాలమణి అనే దళిత పిల్ల పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లి, తన మీద చెయ్యి వేయబోయిన ఆసామిని ఎదిరిస్తుంది. ఇలాంటి కథ పిల్లలకు చెప్పొచ్చా అని సందేహించేవాళ్లుంటారు. ఆ అనుభవం పిల్లలకే ఎదురవుతున్నప్పుడు, దాన్ని ఎదిరించిన పిల్ల కథ కూడా పిల్లలకు తెలియాలి.

అంతకు ఏడాది ముందు కంచ ఐలయ్య పిల్లల కోసం ఒక పుస్తకం రాశారు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ దానికి బొమ్మలు వేసింది. ఆదివాసులు, పశువుల కాపరులు, తోలుపని చేసేవాళ్లు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు, నేతగాళ్లు, రైతులు కనిపెట్టిన విద్యలేమిటో ఒక్కొక్క అధ్యాయంలో చెబుతుంది ఆ పుస్తకం. ఏ పని పేరునైతే మన భాషలో తిట్టుగా వాడుతున్నామో, ఆ పనిలో ఎంత నేర్పుందో, ఎంత శాస్త్రముందో పిల్లలకు చూపిస్తుంది. బడిలో తన తండ్రి వృత్తి పేరు చెప్పడానికి తల దించుకునే పిల్లవాడికి ఆ పుస్తకం ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

భాష సంగతి కూడా ఉంది. గోండు, కోలాం, సవర పిల్లలు బడికొచ్చేనాటికి వాళ్ల ఇంటి మాట వేరు, పుస్తకం మాట వేరు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కోయ, కోలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేయించారు. ఆ ఊళ్ల టీచర్లు, పెద్దలు కూర్చుని తమ పాటలు, కథలు, పొడుపుకథలు వాటిలోకి ఎక్కించారు. మంచి పని అది. అయితే అది మొదటి తరగతుల వాచకాలకే పరిమితం. వాచకం దాటాక ఆ పిల్లలకు చదువుకోవడానికి కథల పుస్తకాలు కావాలి. కెస్లాపూర్ నాగోబా జాతరకు తాతతో కలిసి నడిచి వెళ్లిన పిల్లవాడి కథ, తీజ్ పండగకు బుట్టలో గోధుమ మొలకలు పెంచిన తండా పిల్ల కథ, తండ్రితో కలిసి నల్లమలలో తేనె తీయడానికి వెళ్లిన చెంచు పిల్ల కథ, సీతంపేట కొండల్లో గోడ మీద బొమ్మలు వేసే సవర అమ్మమ్మ కథ. వీటిని ఆ పిల్లలూ చదవాలి, విజయవాడ, వరంగల్లు పిల్లలూ చదవాలి.

‘పసిమనసులకు కులాలు, మతాలు, తెగలు ఎందుకు చెప్పాలి? అందరూ మనుషులే అని చెబితే చాలదా?’ అని అడిగే పెద్దలున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలకు అవి పుస్తకం చెప్పకముందే తెలిసిపోతాయి. ఎవరింట్లో నీళ్లు తాగకూడదో, ఎవరి పిల్లతో ఆడకూడదో, ఎవరి డబ్బాలో కూర వాసనకు ముక్కు మూసుకోవాలో మనమే నేర్పుతున్నాం. ఇంట్లో వీధిలో ఇన్ని చెప్పి, పుస్తకంలో మాత్రం ఊరుకుంటే, పిల్లలు ఆ చెడ్డ పాఠాన్నే నిజమనుకుంటారు. అందరూ మనుషులే అన్న మాట నిజం కావాలంటే, ఆ ‘అందరూ’ ఎవరో పిల్లలకు తెలియాలి.

ఇక మనం చేయగలిగిన పనులు. అమ్మలూ నాన్నలూ, పుట్టినరోజుకు పుస్తకం కొనేటప్పుడు మీ ఇంటి కథ ఒకటి, మీకు తెలియని ఇంటి కథ ఒకటి కొనండి. టీచర్లూ, మీ బడి లైబ్రరీలో ఉన్న పుస్తకాలను మీ పిల్లలతోనే లెక్కపెట్టించండి. ఎన్ని కథల్లో తండా ఉంది, ఎన్నింట్లో మసీదు వీధి ఉంది, ఎన్నింట్లో చేపల వల ఉంది, ఆ కథలు ఎవరివి అని పిల్లలే గోడ మీద రాసి పెడతారు. మన రెండు రాష్ట్రాల్లో కొందరు టీచర్లు తమ బడి పిల్లల చేత కథలు రాయించి పుస్తకాలుగా వేస్తున్నారు. ఆ పని ప్రతి మండలంలో జరగాలి. ప్రచురణకర్తలూ, ఆదివాసీ, దళిత, ముస్లిం, సంచార కులాల రచయితలను, చిత్రకారులను వెతికి పట్టుకోండి, పారితోషికం ఇచ్చి రాయించండి. ఎవరు రాసినా ఆ ఊరి పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు ఒప్పుకున్నాకే అచ్చుకు పంపండి. ప్రభుత్వాలు గ్రంథాలయాలకు పుస్తకాలు కొనేటప్పుడు ఈ వైవిధ్యాన్ని ఒక నియమంగా పెట్టాలి. ఎనిమిది భాషల వాచకాల పనిని కథల పుస్తకాల దాకా తీసుకెళ్లాలి.

అమెరికాలో, ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారన్న ఆ అయిదేళ్ల పిల్ల ప్రశ్న పెద్దవాళ్లను కదిలించింది, లెక్క తీయించింది, కొత్త పుస్తకాలు రాయించింది. మన పిల్లల్లో చాలామంది ఆ ప్రశ్న అడగడం లేదు. పుస్తకమంటే తమది కాదని ముందే ఒప్పుకున్నారు కాబట్టి అడగడం లేదు. వాళ్లు అడిగే దాకా మనం ఆగకూడదు. తెలుగు చదివే ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ తన ఇంటి గుమ్మం ఉన్న పుస్తకం ఒక్కటైనా అందించడం మన తరం బాధ్యత. ఆ పని ఈ ఏడాదే, మీ ఊరి బడి నుంచే మొదలుపెట్టండి.